కేసు ఉంటే ఖాకీ కల పోయినట్టేనా? లా, క్రిమినాలజీ చదివే పిల్లల అపోహలు - వాస్తవాలు

గుంటూరులో క్రిమినల్ లా పాఠాలు చెబుతాను. అంతకుముందు కొన్నేళ్లు ఇక్కడి కోర్టుల్లోనే క్రిమినల్ సైడు ప్రాక్టీసు చేశాను. మా క్లాసులో వకీలు అవుదామని వచ్చేవాళ్లు సగం మందే. మిగతావాళ్ల చూపంతా ఎస్ఐ పోస్టు మీదో, ఏపీపీ (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్) మీదో, జడ్జి పరీక్ష మీదో ఉంటుంది. వరండాలో ఆపి అడిగే ప్రశ్నల్లో సిలబస్ సంగతి తక్కువ. "మేడం, ఒక్క విషయం అడగొచ్చా" అని గొంతు తగ్గించారంటే అది కేసు గురించేనని నాకు ముందే అర్థమైపోతుంది.

అందుకే దాంతోనే మొదలుపెడతాను. మిగతావి తర్వాత గబగబా చెప్పేస్తాను.

అపోహ: ఎఫ్ఐఆర్‌లో పేరు ఎక్కితే ఇక పోలీసు ఉద్యోగం రాదు.
దాని కవల: రాజీ అయితే కేసు లేనట్టే, సెలక్షన్ వచ్చాక నింపే ఫామ్‌లో రాయక్కర్లేదు.

మొదటిది పిల్లల్ని చదువు మాన్పిస్తుంది. రెండోది వచ్చిన ఉద్యోగాన్ని ఊడగొడుతుంది. ఈ రెండింటినీ పుట్టించేది కోచింగ్ సెంటర్ బయట టీ కొట్టు, పెంచి పోషించేది వాట్సాప్ గ్రూపు.

మా వైపు ఊళ్లలో కేసులు ఎలా పడతాయో తెలిసిందే. గట్టు తగాదా, కాలువ నీళ్లు, పంచాయతీ ఎన్నికలు. ఒక ఇంటివాళ్లు స్టేషన్‌కు వెళ్తే అవతలి ఇంట్లో మగాళ్లందరి పేర్లూ ఫిర్యాదులోకి వస్తాయి. అబ్బాయి పోలీసు కోచింగ్‌లో ఉన్నాడని తెలిస్తే వాడి పేరు కావాలనే ముందుకు జరుగుతుంది. సత్తెనపల్లి వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు ఇలాగే ఏ5, అంటే ఐదో నిందితుడు, అయ్యాడు. గొడవ జరిగిన రోజు వాడు గుంటూరు హాస్టల్లో ఉన్నాడు. ఎఫ్ఐఆర్ కాపీ చేతికి రాగానే పుస్తకాలు కట్టగట్టి ఇంటికి పంపేశాడు. తండ్రి నా దగ్గరకొచ్చి, "మేడం, వాడు అన్నం తినట్లేదు" అన్నారు. ఆ ఒక్క కాగితం వాడిని నేరస్థుణ్ణి చేయదని తండ్రికీ కొడుక్కీ వివరించడానికి ఒక సాయంత్రం పట్టింది.

ఎఫ్ఐఆర్ అంటే పోలీసులకు అందిన మొదటి సమాచారం, అంతే. దర్యాప్తులో మీ ప్రమేయం లేదని తేలితే చార్జిషీటులో మీ పేరు తీసేస్తారు. తీయకపోతే విచారణ ఉంది. ఆరోపణలు పైకి చూస్తేనే నిలిచేవి కావనుకుంటే, కేసునే కొట్టేయమని హైకోర్టును అడిగే క్వాష్ పిటిషన్ ఉంది. అది ఇదివరకు సీఆర్‌పీసీ (పాత క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) సెక్షన్ 482, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 528. మా ఏ5 పేరు చార్జిషీటులో లేదు. వాడు ఫామ్‌లో ఆ సంగతి ఉన్నది ఉన్నట్టు రాసి, చార్జిషీటు కాపీ జత చేశాడు. ఇప్పుడు యూనిఫాంలో ఉన్నాడు.

ఇక రెండోది. నాకు ఒళ్లు మండేది దీని దగ్గరే.

కాలేజీ గేటు దగ్గర కొట్టుకున్నారు, ఐపీసీ (పాత శిక్షాస్మృతి) 323, 506 కింద, అంటే కొట్టడం, బెదిరించడం కింద కేసు. పెద్దలు కూర్చోబెట్టారు, లోక్ అదాలత్‌లో రాజీ అయింది. చట్టం ప్రకారం రాజీ అంటే నిర్దోషిగా విడుదలైనట్టే, అందులో అనుమానం లేదు. మూడేళ్ల తర్వాత కానిస్టేబుల్ సెలక్షన్ వచ్చింది. సొంత వివరాలు, పాత కేసులు రాసిచ్చే అటెస్టేషన్ ఫామ్ ముందుకొచ్చింది. పక్కన కూర్చున్నవాడు, "కేసే లేదు కదరా, లేదు అని రాసెయ్" అన్నాడు. వీడు రాసేశాడు.

ఆ ఫామ్ ఒకసారి నిదానంగా చదవండి. కేంద్ర ఉద్యోగాల ఫామ్‌లో ప్రశ్నలు విడివిడిగా ఉంటాయి. ఎప్పుడైనా అరెస్టయ్యారా? ప్రాసిక్యూట్ అయ్యారా? బైండోవర్ చేశారా (మంచి ప్రవర్తనకు పూచీకత్తు రాయించుకున్నారా)? కోర్టు జరిమానా వేసిందా? శిక్ష పడిందా? ఇప్పుడు కేసు పెండింగ్‌లో ఉందా? వీటిలో చివరిదానికి వాడి జవాబు "లేదు". రెండోదానికి "అవును". వాడు అన్నిటికీ కలిపి నిలువుగా ఒకటే గీత గీసి "లేదు" అన్నాడు. తప్పుడు సమాచారం ఇస్తే అనర్హులవుతారని అదే ఫామ్ పైభాగంలో రాసి ఉంటుంది. దాన్ని చదివినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

స్పెషల్ బ్రాంచి వాళ్లు వెరిఫికేషన్‌కు ఊరికి వెళ్తారు, స్టేషన్ రికార్డు చూస్తారు. స్టేషన్లన్నీ సీసీటీఎన్‌ఎస్ అనే పోలీసు కంప్యూటర్ నెట్‌వర్క్‌తో ఒకదానికొకటి కలిసి ఉన్నాయి. అంతదాకా ఎందుకు, ఈ-కోర్ట్స్ యాప్‌లో పేరు కొట్టి మీ కేసును మీ మేనమామ కూడా వెతుక్కోవచ్చు. "ఎవరికి తెలుస్తుంది" అనే మాట ఏ కాలం నాటిదో మరి.

వాడి సెలక్షన్ రద్దయింది. కొట్లాట కేసు వల్ల కాదు, దాన్ని దాచినందుకు. అది రాసి ఉంటే ఉద్యోగం వచ్చేదా అంటే, వచ్చేదనే అనుకుంటాను కానీ ప్రమాణం చేసి చెప్పలేను. ఎందుకంటే చట్టం ఇలా ఉంది.

2016 జూలైలో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచ్ ఈ విషయంలో దారి చూపించింది. అభ్యర్థి ఇచ్చే సమాచారం నిజమై ఉండాలి. చిన్న కేసును, అంటే కుర్రతనంలో నినాదాలు చేయడంలాంటిదాన్ని, దాచినా యజమాని తన విచక్షణతో వదిలేయవచ్చు. పెండింగ్‌లో ఉన్న చిన్న కేసును నిజాయితీగా చెబితే, దాని తీర్పుకు లోబడి ఉద్యోగం ఇవ్వవచ్చు. ఫామ్‌లో స్పష్టంగా అడగనిది చెప్పలేదని తప్పుపట్టకూడదు. ఇంతవరకు బాగానే ఉంది. కానీ అదే తీర్పు ఇంకో మాట కూడా చెప్పింది: ముగిసిన కేసును నిజాయితీగా రాసినా, అభ్యర్థి గతాన్ని పరిశీలించే హక్కు యజమానికి ఉంటుంది, ఉద్యోగం ఇచ్చి తీరాలని బలవంతపెట్టలేరు. ఈ రెండో సగాన్ని వాట్సాప్‌లో ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

పోలీసు శాఖ విషయంలో కోర్టులు ఇంకాస్త గట్టిగా ఉంటాయి. 2013లో మెహర్ సింగ్ కేసు చూడండి. ఢిల్లీ పోలీసు అభ్యర్థి తన మీద కేసు ఉండేదని చెప్పాడు. రాజీ వల్ల విడుదలయ్యానని కూడా చెప్పాడు. అయినా స్క్రీనింగ్ కమిటీ వద్దంది, సుప్రీంకోర్టు కమిటీనే సమర్థించింది. సాక్షులు ఎదురుతిరిగి కేసు పోవడం, రాజీలో పోవడం ఒక రకం. విచారణ జరిగి, ఇతనికి ఈ నేరంతో సంబంధం లేదని కోర్టు తేల్చడం వేరే రకం.

అంటే రాజీ పడొద్దనా? అలా అనడం లేదు. ఊళ్లో ప్రశాంతత కూడా కావాలి కదా. కానీ ఇంట్లో పోలీసు ఉద్యోగానికి చదివే పిల్లవాడు ఉంటే, రాజీ కాగితం మీద సంతకం పెట్టే ముందు ఆ సంగతి మీ అడ్వకేట్‌కు చెప్పండి. పేరు తీయించగలిగే కేసా, క్వాష్‌కు నిలిచే కేసా అని ముందు అడగండి. లోక్ అదాలత్ రోజు హాల్లో ఆ రద్దీలో ఆలోచించే వ్యవధి ఎవరికీ ఉండదు.

కేసు ముగిసిన వారంలోనే కాపీ అప్లికేషన్ పెట్టి తీర్పు సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. ఎఫ్ఐఆర్, చార్జిషీటు, తీర్పు మూడూ ఒకే కవర్లో ఉండాలి. ఉద్యోగం వచ్చాక పదిహేను రోజుల గడువిచ్చినప్పుడు రికార్డు రూము చుట్టూ తిరుగుతూ ఏడ్చే పిల్లల్ని చాలామందిని చూశాను.

భయస్థుల కోసం రెండు మాటలు. హెల్మెట్ లేదని ఫోన్‌కు వచ్చే ఈ-చలానా కోర్టు జరిమానా కాదు, దాని గురించి నిద్ర పాడుచేసుకోకండి. బెంజి సర్కిల్ దగ్గర బ్రీత్ ఎనలైజర్‌కు దొరికి, కోర్టుకు వెళ్లి ఫైన్ కట్టి వస్తే మాత్రం అది కోర్టు జరిమానాయే. ఫామ్ అడిగితే రాయాలి. రెండోది, 18 ఏళ్లు నిండకముందు జువెనైల్ బోర్డు ముందుకెళ్లిన విషయం: జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 24 ప్రకారం అది ఉద్యోగానికి అనర్హత కాదు. పదహారు దాటి ఘోర నేరంలో చిల్డ్రన్స్ కోర్టు దోషిగా తేల్చినవాళ్లకే మినహాయింపు.

సరే, మిగతావి.

అపోహ: క్రిమినాలజీ, ఫోరెన్సిక్ డిగ్రీ చేస్తే డైరెక్ట్ ఎస్ఐ.

అడ్మిషన్ల సీజన్లో ఈ మాట ఎవరు చెబుతారో, ఎందుకు చెబుతారో విజయవాడ తల్లిదండ్రులకు నేను విప్పి చెప్పాలా? ఎస్ఐకి ఏ డిగ్రీ అయినా చాలు. కానిస్టేబుల్‌కు ఇంటర్ చాలు. రిక్రూట్‌మెంట్ బోర్డు పెట్టే రాతపరీక్షలో ఉండేవి అర్థమెటిక్, రీజనింగ్, జనరల్ స్టడీస్, ఫైనల్లో ఇంగ్లీషు, తెలుగు. క్రిమినాలజీ పేపరంటూ ఏదీ లేదు. మధ్యలో ఎత్తు, ఛాతీ కొలతలు, 1600 మీటర్ల పరుగు. మగపిల్లలకు మామూలుగా 167.6 సెంటీమీటర్లు కావాలి. లక్షల ఫీజు కట్టే ముందు గోడకు ఆనించి కొలవండి. డీఎస్పీ కావాలంటే గ్రూప్-1, ఐపీఎస్ కావాలంటే యూపీఎస్సీ. సెక్షన్లు ఎలాగూ ట్రైనింగ్‌లో నేర్పిస్తారు.

ఈ కోర్సులు పనికిరావని కాదు. ల్యాబ్‌లో పనిచేయాలన్న ఇష్టం ఉంటే ఫోరెన్సిక్ మంచి చదువే. పైగా బీఎన్‌ఎస్‌ఎస్ 176(3) ఏడేళ్లు, ఆపైన శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి వెళ్లాలంటోంది కాబట్టి ముందుముందు పని పెరుగుతుంది. అయితే బీఎస్సీతో ఆగితే లాభం లేదు, ఎమ్మెస్సీ దాకా వెళ్లాలి. సీరియల్లో భూతద్దం పట్టుకుని తిరిగే మనిషిని చూసి చేరితే రెండో సెమిస్టర్ కెమిస్ట్రీ దగ్గరే ఆ సరదా తీరుతుంది.

అపోహ: లా అయిపోగానే జడ్జి పరీక్ష రాసేయొచ్చు.

ఇప్పుడు కుదరదు. 2025 మే 20న సుప్రీంకోర్టు మూడేళ్ల ప్రాక్టీసు నిబంధనను మళ్లీ తెచ్చింది. ఏపీపీకి కూడా క్రిమినల్ కోర్టుల్లో ప్రాక్టీసు ఉండాల్సిందే. అందుకే ఫైనల్ ఇయర్‌లోనే మంచి సీనియర్‌ను వెతుక్కోండి. మొదట్లో జీతం ఉండదు, బండి పెట్రోలు కూడా మీదే. ఇది మాత్రం అపోహ కాదు.

అపోహ: కొత్త చట్టాలు వచ్చాయి, ఐపీసీ పుస్తకాలు తూకానికి వేసేయొచ్చు.

ఐపీసీ, సీఆర్‌పీసీ, సాక్ష్య చట్టాల స్థానంలో వరసగా బీఎన్‌ఎస్, బీఎన్‌ఎస్‌ఎస్, బీఎస్‌ఏ అమల్లోకి వచ్చింది 2024 జూలై 1న. ఆ తేదీకి ముందు జరిగిన నేరానికి ఐపీసీయే వర్తిస్తుంది. కోర్టుల్లో ఇప్పుడు నడుస్తున్న పాత కేసులన్నీ ఆ సెక్షన్లతోనే నడుస్తున్నాయి. హత్యకు ఐపీసీ 302 అంటే బీఎన్‌ఎస్ 103 అని, మోసానికి 420 అంటే 318(4) అని రెండూ నోటికి రావాలి. ఏలూరు రోడ్డు పాత పుస్తకాల షాపులో ఐపీసీ సగం ధరకు దొరికితే తీసుకోండి. బీఎన్‌ఎస్ మాత్రం కొత్తదే కొనండి, పోలిక పట్టిక ఉన్నది చూసి.