ఫెర్మాను బోల్తా కొట్టించిన 429 కోట్లు

429,49,67,297. నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్ల నలభై తొమ్మిది లక్షల అరవై ఏడు వేల రెండు వందల తొంభై ఏడు. పలకడానికి ఇంత పొడుగు గానీ, పుట్టుక చాలా చిన్నది: రెండును 32వ ఘాతానికి హెచ్చించి ఒకటి కలిపితే చాలు. కంప్యూటర్ భాషలో, అంటే 0, 1 అంకెలతోనే రాస్తే ముందొక 1, మధ్యలో 31 సున్నాలు, చివర మళ్లీ 1. వికటకవిలాగా ఎటునుంచి చదివినా ఒకటే.

ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా 1640 నాటికే ఈ కుటుంబాన్ని గమనించాడు. రెండును 1, 2, 4, 8, 16 ఘాతాలకు హెచ్చించి ఒకటి కలిపితే 3, 5, 17, 257, 65537 వస్తాయి. ఐదూ ప్రధాన సంఖ్యలే. ఆ తర్వాతి వంతు మన సంఖ్యది. ఈ వరసలో వచ్చేవన్నీ ప్రధానాలేనని ఫెర్మా నమ్మాడు, నిరూపణ మాత్రం తన దగ్గర లేదన్నాడు. 1729లో గోల్డ్‌బాక్ అనే గణితజ్ఞుడు ఈ సంగతిని సాటి గణితజ్ఞుడు ఆయిలర్ చెవిన వేశాడు. 1732లో ఆయిలర్ తేల్చేశాడు: ఇది 641 × 6700417.

2, 3, 5 అంటూ వరసగా భాగించుకుంటూ పోయినా 641 వచ్చేది 116వ ప్రధాన సంఖ్యగా. కష్టమే గానీ, ఫెర్మా అంతటివాడికి అసాధ్యం కాదు! ఆయిలర్ తర్వాత నిరూపించిన నియమంతో అయితే ఆ కష్టమూ లేదు. దీని ప్రధాన కారణాంకం ఏదైనా సరే, 64తో భాగిస్తే ఒకటి మిగలాలి. అలాంటి ప్రధానాలు 193, 257, 449, 577, 641. ఐదో ప్రయత్నానికే దొరికిపోతుంది.

నాకు ముచ్చటగా అనిపించేది మరొకటి. ఒక బేసి ప్రధాన సంఖ్య కన్నా ఒకటి తక్కువైన ఘాతానికి రెండును హెచ్చించి, ఆ ప్రధానంతోనే భాగిస్తే శేషం 1 వస్తుందన్నది ఫెర్మా సిద్ధాంతమే. ప్రధానం కాకపోయినా మన సంఖ్య ఆ పరీక్ష నెగ్గుతుంది. ఇలాంటివి మిథ్యా ప్రధానాలు. రెండుకు బదులు మూడుతో పరీక్షిస్తే గుట్టు రట్టవుతుంది.

తక్కిన వర్గీకరణ త్వరగా అయిపోతుంది. బేసి, సంయుక్త సంఖ్య, ప్రధాన కారణాంకాలు రెండే. తనను మినహాయించి మిగిలిన భాజకాల మొత్తం 6701059, అంటే తనలో నూరో వంతు కూడా లేదు. ఆ మొత్తం తనకే సమానమయ్యే పరిపూర్ణ సంఖ్యకు ఆమడ దూరం. రెండు వర్గాల మొత్తంగా దీన్ని రెండు రకాలుగా రాయవచ్చు: 65536² + 1², 62264² + 20449². ప్రధాన సంఖ్యకైతే అలాంటి దారి ఒకటికి మించి ఉండదు. కాబట్టి కారణాంకాలు తెలియకపోయినా, రెండో దారి కనిపించిన క్షణమే ఇది ప్రధానం కాదని తేలిపోతుంది.

దీనికన్నా రెండు తక్కువ, 4294967295, మాత్రం 3, 5, 17, 257, 65537ల లబ్ధం. 4294967295 భుజాలున్న క్రమ బహుభుజిని స్కేలు, వృత్తలేఖినితోనే గీయడం సూత్రరీత్యా సాధ్యం. అలా గీయవచ్చని ఇప్పటిదాకా తెలిసిన బేసి భుజాల బహుభుజుల్లో అదే అతి పెద్దది. మన సంఖ్య ప్రధానమై ఉంటే 4294967297 భుజాల బహుభుజినీ అలాగే గీయగలిగేవాళ్లం, ఆ రికార్డు 4294967295కు దక్కేది కాదు.