ఒక్క గన్నే కొనాలంటే: ‘చిన్నదైతే సులువు’ అనే అపోహ, మరికొన్ని

“సార్, లైసెన్స్ వచ్చేసినట్టే. చిన్నగా, తేలిగ్గా ఉండేది ఒకటి చెప్పండి.” నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది నోట మొదటి మాట ఇదే. భార్య పేరునో, కూతురి పేరునో తీసుకునేవాళ్ళయితే ఈ మాట ఇంకా గట్టిగా అంటారు.

పోలీసు శాఖలో ఆర్మరర్‌గా, అంటే తుపాకులు బాగుచేసేవాడిగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు హైదరాబాద్ శివార్లలో ఒక రేంజ్‌లో (గన్ కాల్చడం సాధన చేసే చోటు), లైసెన్సుకు దరఖాస్తు చేసేవాళ్ళకు ఫారం ఎస్-1 సర్టిఫికెట్, అంటే ఆయుధాన్ని క్షేమంగా వాడడం నేర్చుకున్నట్టు ఇచ్చే కాగితం కోసం శిక్షణ ఇస్తుంటాను. వచ్చేది బంగారం కొట్టువాళ్ళు, రైస్ మిల్లర్లు, రోజూ క్యాష్‌తో బ్యాంకుకు పోయేవాళ్ళు, ఊరికి దూరంగా తోటలో ఇల్లు కట్టుకున్న పెద్దవాళ్ళు. వాళ్ళ భయం అబద్ధం కాదు, దాన్ని నేనెప్పుడూ తేలిగ్గా తీసుకోను. నా చిరాకంతా వాళ్ళకు సలహాలిచ్చే బావమరుదుల మీద, వాట్సాప్ పండితుల మీద.

2019 ఆయుధాల చట్ట సవరణ తర్వాత మామూలు లైసెన్సుదారుడి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు. అందులో ఒకటి తాతల నాటి డబుల్ బ్యారెల్ అయితే ఇక హ్యాండ్‌గన్ ఒక్కటే. ఆ ఒక్కదాన్ని తప్పుగా ఎంచుకుంటే ఏళ్ళ తరబడి దానితోనే సర్దుకోవాలి. కాబట్టి అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న అపోహనే ముందు తీసుకుంటాను.

అపోహ: చిన్న గన్, తేలిక గన్ కొత్తవాళ్ళకూ ఆడవాళ్ళకూ సులువు

పూర్తిగా తలకిందులు. చిన్న గన్ మోయడానికి సులువు, కాల్చడానికి కష్టం. అందరికంటే బాగా కాల్చగలిగినవాళ్ళే దాన్ని అదుపులో పెట్టగలరు. అలాంటిదాన్ని అసలు అలవాటే లేనివాళ్ళ చేతిలో పెడుతున్నాం.

లెక్క చూడండి. ఒకే తూటాను 700 గ్రాముల రివాల్వర్‌లోనూ 500 గ్రాముల రివాల్వర్‌లోనూ పేల్చితే, తేలికదానిలో వెనక్కి తన్నే శక్తి దాదాపు 40 శాతం ఎక్కువ. బరువు తగ్గిన కొద్దీ తన్ను పెరుగుతుంది, దీనికి మొహమాటం లేదు. నిజానికి మనకు దొరికే .32 (అంగుళాల్లో తూటా అడ్డుకొలత) తన్ను తక్కువున్న తూటానే. కొత్తవాళ్ళను తన్నుకంటే ఎక్కువ ఏడిపించేది ట్రిగ్గర్. డబుల్ యాక్షన్‌లో, అంటే వెనకున్న సుత్తిని చేత్తో ముందే ఎత్తిపెట్టకుండా, రివాల్వర్ ట్రిగ్గర్ లాగడానికి సుమారు ఐదు కిలోల బలం పెట్టాలి. అరకిలో వస్తువును కదలకుండా పట్టుకుని, దాని మీదే పది రెట్ల బలంతో ఒక్క వేలితో లాగాలన్నమాట. గన్ బరువుగా ఉంటే ఆ లాగుడుకు కొంచెమైనా నిలబడుతుంది. తేలికది మూతి పక్కకు తిప్పేసుకుంటుంది.

మూడోది సైట్లు, అంటే గురి చూసుకోవడానికి గన్ మీద ఉండే గుర్తులు. ముందు సైట్‌కూ వెనక సైట్‌కూ మధ్య 100 మిల్లీమీటర్లే ఉన్న గన్‌లో, ముందు సైట్ ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే 7 మీటర్ల దూరంలో తూటా 7 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. అదే 150 మిల్లీమీటర్లు ఉంటే ఐదు సెంటీమీటర్ల లోపే. పొట్టి బ్యారెల్ చిన్న తప్పును కూడా పెద్దది చేసి చూపిస్తుంది. పైగా గ్రిప్ పొట్టిగా ఉండి చిటికెన వేలికి చోటుండదు. ఆ వేలు గాల్లో వేలాడుతుంటే పట్టు ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఈ అపోహ గాల్లోంచి ఏమీ రాలేదు. 2014లో కాన్పూర్ ఫీల్డ్ గన్ ఫ్యాక్టరీ ‘నిర్భీక్’ పేరుతో టైటానియం మిశ్రమ లోహంతో 500 గ్రాముల .32 రివాల్వర్ తెచ్చింది. ఆడవాళ్ళ కోసమే అన్న ప్రచారం దేశమంతా తిరిగింది. పేరు నిర్భయ ఘటనను గుర్తు చేసేదే. గన్‌ను తప్పుపట్టడం లేదు, హ్యాండ్‌బ్యాగులో పట్టాలంటే తేలిగ్గానే చేయాలి. కానీ ‘ఆడవాళ్ళ గన్’ అంటే ‘తేలిక గన్’ అని జనం మెదళ్ళలో ముద్ర పడిపోయింది.

ఒకావిడ సంగతి చెప్తాను. ఖమ్మం వైపు పెట్రోల్ బంక్ నడుపుతుంది. భర్త పోయాక రాత్రి కలెక్షన్ తనే తీసుకెళ్ళాల్సి వచ్చేది. లైసెన్స్ వచ్చింది, తమ్ముడు ఎక్కడో విని ఒక బుల్లి రివాల్వర్ కొనిపెట్టాడు. దాన్ని తీసుకుని రేంజ్‌కు వచ్చారు. మొదటి సిలిండర్ (తూటాలు పెట్టే, తిరిగే భాగం) ఖాళీ అయ్యేసరికి ఆమె చెయ్యి వణుకుతోంది, కాగితం మీద ఒక్క రంధ్రమూ లేదు. “చిన్నదే కదా సార్, ఇంత ఎందుకు కొడుతోంది? నాకు చేతకాదేమో” అంది. తమ్ముడు పక్కనుంచి “ధైర్యం ఉండాలక్కా” అంటున్నాడు.

నేను గన్ తీసుకుని, ఆమెకు చూపించకుండా సిలిండర్‌లో అసలు తూటాల మధ్య అక్కడక్కడా డమ్మీ రౌండ్లు (పేలని ఉత్తుత్తి తూటాలు) పెట్టి తిరిగి ఇచ్చాను. “అమ్మా, కాగితాన్ని వదిలెయ్యండి. ముందు సైట్‌నే చూస్తూ లాగండి.” ఒకటి పేలింది. రెండోదానికి టక్‌మని శబ్దం, అంతే. తూటా లేదు, మంట లేదు. కానీ గన్ మూతి మాత్రం రెండంగుళాలు నేలవైపు దిగిపోయింది. ఆమె దాన్ని కళ్ళారా చూసింది. పేలుతుందన్న భయంతో చెయ్యి ముందే కిందికి తోసేస్తోంది, దీన్నే ఫ్లించ్ అంటాం. తర్వాత అదే గన్ తమ్ముడి చేతికి ఇచ్చి అదే పని చేయించాను. అతని మూతి ఇంకా కిందికి దిగింది. గన్ మూతి సంగతే లెండి. అక్కకు ధైర్యం చెప్పడం మాత్రం మానేశాడు.

ఆ తర్వాత రేంజ్‌లో ఉన్న బరువైన, కాస్త పొడుగు బ్యారెల్ .32 ఇచ్చాను. ముందు ఖాళీ గన్‌తో, తర్వాత అసలు తూటాలతో. ఏడు మీటర్ల నుంచి పళ్ళెం అంత వలయంలో వేయడం మొదలుపెట్టింది. ఆమెలో లోపమేమీ లేదు. పక్కవాళ్ళు ఎంచిపెట్టిన కొలతలోనే లోపం. మన పాదం సైజు చూసుకుని పక్కింటాయనకు చెప్పులు కొనం కదా.

మరి ఏది చూడాలి?

చేతికి కుదరడం. నా లెక్కలో మొదటి స్థానం దానిదే, మిగతావన్నీ తర్వాతే. షాపులో అడిగి, గన్ ఖాళీగా ఉందని మీరే సిలిండర్ తెరిచి చూసుకుని, ఇలా చేయండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గుంట గ్రిప్ వెనక భాగానికి వీలైనంత పైకి ఆనాలి. మోచెయ్యి నుంచి బ్యారెల్ దాకా ఒకే గీతలా ఉండాలి. ఆ పట్టు కొంచెం కూడా కదపకుండా చూపుడువేలు మొదటి కణుపు దాకా ట్రిగ్గర్ మీదికి రావాలి. వేలు అందక చెయ్యి పక్కకు తిప్పాల్సి వస్తే ఆ గన్ మీది కాదు. ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు.

తర్వాత, షాపువాళ్ళు ఒప్పుకుంటే, క్షేమమైన దిక్కుకు మూతి పెట్టి డబుల్ యాక్షన్‌లో వరుసగా ఆరుసార్లు లాగండి. ఆరోసారికి వేలు వణుకుతుంటే నిజమైన టెన్షన్‌లో ఏమవుతుందో ఊహించుకోండి. ముందు సైట్ మీద రూపాయి బిళ్ళ నిలబెట్టి, అది పడకుండా ట్రిగ్గర్ లాగడం మా పాత పద్ధతి. బిళ్ళ పడిపోతోందంటే ఎవరి తప్పో వాదించుకోనక్కర్లేదు.

చివరగా తెరవడం, మూయడం. కాన్పూర్‌లో చాలాకాలంగా చేస్తున్న .32 రివాల్వర్ టాప్ బ్రేక్: లివర్ నొక్కి బ్యారెల్‌ను కిందికి వంచితే తెరుచుకుంటుంది. 2023లో వచ్చిన ‘ప్రబల్’ రివాల్వర్‌లో సిలిండర్ పక్కకు వస్తుంది. బరువు సుమారు 700 గ్రాములు. రెండింటిలో ఏది మీ బొటనవేలికి సులువో మీరే తేల్చుకోవాలి. కీళ్ళనొప్పులున్న పెద్దవాళ్ళు పిస్టల్ స్లైడ్ (తూటా ఎక్కించడానికి వెనక్కి లాగే పైభాగం) లాగలేక అవస్థపడడం తరచూ చూస్తుంటాను. లాగలేని స్లైడ్ ఉన్న పిస్టల్ కొనడం దండగ. ఎవరో లాగిపెట్టి ఇవ్వాలంటే అది ఆత్మరక్షణ ఎలా అవుతుంది?

కొనకముందే ఏదైనా రేంజ్‌లో 4.5 ఎంఎం ఎయిర్ పిస్టల్‌తో కొన్ని వారాలు సాధన చేస్తే ఇంకా మంచిది. తన్ను ఉండదు, తూటా ఖర్చు లేదు, ట్రిగ్గర్ తప్పులన్నీ పది మీటర్ల కాగితం మీద కనబడతాయి.

అపోహ: పెద్ద బోర్ అయితేనే పనికొస్తుంది

ఈ చర్చ మనకెందుకో నాకు అర్థం కాదు. సర్వీస్ 9 ఎంఎం, .45 తూటాలు పేల్చే పిస్టళ్ళు మన దేశంలో ప్రొహిబిటెడ్ బోర్, అంటే మామూలు జనానికి నిషేధించిన కొలత. కలెక్టరో, కమిషనరో ఇచ్చే మామూలు లైసెన్స్ మీద అవి రావు. చేతికొచ్చేది ఎక్కువగా .32, లేదంటే .22. అమెరికా వీడియోలు చూసి రాత్రంతా వాదించుకోవడం కంటే, ఆ .32 ఎక్కడ తగులుతోందో చూసుకోవడం నయం.

అపోహ: .32 అంటే .32, తూటా ఏదైనా ఒకటే

కాదు. ఇది ప్రమాదం కూడా. రివాల్వర్‌లో వాడేది .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్. ‘అశని’ లాంటి పిస్టల్‌లో వాడేది 7.65 ఎంఎం, అంటే .32 ఏసీపీ. కేస్ (తూటా గొట్టం) పొడుగు వేరు, అంచు వేరు, ఒత్తిడి వేరు. దూరినంత మాత్రాన పేల్చకూడదు. డబ్బా మీద పూర్తి పేరు చదివి, బిల్లులోనూ అదే రాయించుకోండి. ఏడాదికి ఎన్ని కొనవచ్చో లైసెన్స్ బుక్కులోనే ఉంటుంది. అన్నీ బీరువాలో దాచకుండా సాధనకు ఖర్చుపెట్టండి.

అపోహ: రివాల్వర్ జామ్ కాదు

తక్కువగా అవుతుంది. కానీ ఎక్స్‌ట్రాక్టర్ నక్షత్రం (కాలిన తూటా గొట్టాలను బయటికి నెట్టే భాగం) కింద కాలని మందు పలుకులు చేరితే సిలిండర్ మూసుకోదు, తిరగదు. నా దగ్గరికి ‘పాడైపోయింది’ అని వచ్చే రివాల్వర్లలో చాలావాటికి పాత టూత్‌బ్రష్‌తో అక్కడ తోమడమే రిపేరు. తూటా పేలకపోతే మళ్ళీ లాగితే చాలు, తర్వాతిది వస్తుంది. కొత్తవాళ్ళకు రివాల్వర్ చెప్పడానికి నాకున్న అసలు కారణం ఇదే. రేంజ్‌లో మాత్రం పేలని తూటా ఉంటే మూతి టార్గెట్ వైపే ఉంచి అర నిమిషం ఆగండి.

అపోహ: పాత ఫారిన్ పీసే మేలు

1980ల మధ్య నుంచి మామూలు లైసెన్సుదారులకు దిగుమతి లేదు. అందుకే పాత విదేశీ పిస్టళ్ళకు లక్షల్లో ధర పలుకుతోంది. ఆ ధర అరుదుతనానిది, పనితనానిది కాదు. స్ప్రింగ్ అలసిపోయి ఉంటుంది, మ్యాగజైన్ (తూటాలు పెట్టే డబ్బా) దొరకదు. ఉన్న ఒక్క గన్ అదే అయితే మీ పేరు ఆర్మరర్ కాళ్ళు పట్టుకునేవాళ్ళ లిస్టులో చేరుతుంది. సరదాకైతే మీ ఇష్టం.

అపోహ: ఇంట్లోకి వస్తే కాల్చేయొచ్చు

ఆత్మరక్షణ హక్కు ఉంది. భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు దాని గురించే. అవసరానికి మించి హాని చేయకూడదని కూడా అక్కడే ఉంది. ఇక పెళ్ళి ఊరేగింపులో గాల్లోకి కాల్చి ఇతరుల ప్రాణాల మీదికి తెస్తే, 2019 సవరణ ప్రకారం రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. అలా కాల్చి నా దగ్గర సలహాకు వచ్చేవాళ్ళకు నేను టీ కూడా ఇవ్వను.

అపోహ: దిండు కింద ఉంటేనే పనికొస్తుంది

దిండు కింద, చీరల మధ్య, కారు డాష్‌బోర్డులో. పిల్లలు వెతకని చోటు ఇంట్లో లేదు. మంచం పక్కన గోడకు బిగించిన చిన్న లాక్ బాక్స్ పెట్టించండి, చీకట్లో కూడా తెరవడం అలవాటు చేసుకోండి. రాత్రి భయంతో నిద్రపట్టనివాళ్ళకు ఇంకో మాట. ముందు తలుపు గొళ్ళెం, వీధి లైటు, పక్కింటివాళ్ళ ఫోన్ నంబరు సరిచూసుకోండి. వీటికి లైసెన్స్ అక్కర్లేదు. ఇవి బాగుచేసుకున్నాక గన్ ఆలోచన మానుకుని వెళ్ళినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళను చూస్తే నాకు సంతోషం.

అపోహ: ఒకసారి కొన్నాక మార్చుకోలేం

ఇప్పటికే బుల్లి రివాల్వర్ కొనేసినవాళ్ళు దీన్ని శ్రద్ధగా చదవండి. ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం, సొంత వాడకానికి ఉన్న గన్‌ను అర్హత ఉన్న మరొకరికి అమ్మవచ్చు. అమ్ముతున్నట్టు జిల్లా మేజిస్ట్రేట్‌కు గానీ దగ్గరి పోలీస్ స్టేషన్ అధికారికి గానీ రాతపూర్వకంగా తెలపాలి, ఆ తర్వాత 45 రోజులు ఆగాలి. ఆ కాగితానికి రసీదు ముద్ర వేయించుకోవడం మర్చిపోకండి. కొత్తది కొనేముందు లైసెన్స్ బుక్కులో పాతదాని ఎంట్రీ సరిచేయించుకోండి. మధ్యలో ఎన్నికల కోడ్ వచ్చి గన్ స్టేషన్‌లో డిపాజిట్ చేయమంటే ఆ పని ఇంకొన్నాళ్ళు వెనక్కి పోతుంది, కాబట్టి ఎన్నికల షెడ్యూల్ ప్రకటించకముందే మొదలుపెట్టండి. పెట్రోల్ బంక్ ఆవిడ అలాగే మార్చుకుంది. ఈసారి షాపుకు తమ్ముణ్ణి తీసుకెళ్ళలేదు.