టెలిఫోన్ పేటెంటు తగాదా వెనుక

1876 ఫిబ్రవరి 14న వాషింగ్టన్ పేటెంటు ఆఫీసుకు అలెగ్జాండర్ గ్రాహం బెల్ దరఖాస్తు అందింది. అదే రోజు మరో ఆవిష్కర్త ఎలీషా గ్రే ముందస్తు నోటీసూ (ఫలానాది కనిపెడుతున్నాను, త్వరలో పేటెంటు అడుగుతానని చెప్పే కాగితం) అందింది. మార్చి 7న 1,74,465 నంబరు పేటెంటు బెల్‌కు దక్కింది. తగాదా అక్కడే మొదలైంది.

అసలు చిక్కు కరెంటుది. 1861లో జర్మనీలో ఫిలిప్ రైస్ చేసిన పరికరం గొంతు అదురుకు కరెంటును కలుపుతూ, తెంపుతూ పోయేది. శ్రుతి అందేది గానీ మాట స్పష్టంగా అందేది కాదు. మాట దాటాలంటే కరెంటు తెగకూడదు, గాలిలో ధ్వని ఎలా హెచ్చి తగ్గుతుందో తీగలోనూ అలాగే హెచ్చి తగ్గాలి. బెల్ పేటెంటుకు ప్రాణం ఈ సూత్రమే.

మార్చి 10న బోస్టన్‌లో, పక్క గదిలోని తన సహాయకుడు వాట్సన్‌ను బెల్ పిలిచిన పరికరంలో ఒక పొర, దానికి అంటించిన సూది, సూది కొన మునిగేలా ఆమ్లం కలిపిన నీళ్లు ఉన్నాయి. సూది లోతుకు దిగితే నిరోధం తగ్గి కరెంటు పెరుగుతుంది, పైకి లేస్తే తగ్గుతుంది. గ్రే నోటీసులో ఉన్నదీ ఇలాంటి ద్రవ పరికరమే. బెల్ గ్రే ఆలోచనను కాజేశాడన్న అనుమానాలన్నీ ఇక్కడి నుంచే పుట్టాయి. 1888లో అమెరికా సుప్రీంకోర్టు 4–3తో బెల్ పక్షాన నిలిచింది. బెల్ కన్నా ముందే, 1871లోనే ఇలాంటి నోటీసు ఇచ్చిన ఇటలీ ఆవిష్కర్త ఆంటోనియో మెయుచ్చి 1874 తర్వాత దాన్ని పొడిగించుకోలేకపోయాడు. ఆయన కృషిని అమెరికా ప్రతినిధుల సభ గుర్తించింది 2002లో! ఇంత ఆలస్యం అన్యాయమే.

ఆమ్లపు గిన్నె ఇళ్లలో పెట్టుకునేది కాదు. అందుకే బెల్ అమ్మకానికి తెచ్చిన ఫోన్‌లో అయస్కాంతం, తీగచుట్ట, ఇనుప రేకు మాత్రమే ఉండేవి, బ్యాటరీ లేదు. గొంతు పుట్టించే పిసరంత కరెంటే తీగలో పోవాలి కనుక దూరం పెరిగేకొద్దీ మాట సన్నగిల్లేది. 1877లో ఎడిసన్ ఈ లోటు తీర్చాడు. కరెంటు బ్యాటరీ ఇస్తుంది, రేకు కార్బన్ బిళ్లను నొక్కి వదులుతూ దాన్ని హెచ్చిస్తుంది, తగ్గిస్తుంది. ఇండక్షన్ కాయిల్ వోల్టేజి పెంచి లైనులోకి పంపుతుంది. 1878లో హెన్రీ హన్నింగ్స్ బిళ్ల బదులు కార్బన్ రవ్వలు వాడాడు. కాబట్టి ఆ తర్వాత దశాబ్దాల పాటు నడిచిన ఫోన్‌లో వినే కొస బెల్‌ది, మాట్లాడే కొస ఎడిసన్, హన్నింగ్స్‌లది అనడమే న్యాయం.

ఈ రవ్వలకు ఒక జబ్బుంది. తేమ తగిలినా, ఎక్కువ కాలం కదలకుండా ఉన్నా గడ్డకడతాయి. అప్పుడు అవతలివాళ్లకు మన గొంతు మందంగా వినిపిస్తుంది. పాత నల్ల ఫోన్ల రోజుల్లో రిసీవర్‌ను అరచేతికేసి రెండు దెబ్బలు కొట్టేది అందుకే. రవ్వలు విడివడి మాట మళ్లీ తేటపడేది.