మబ్బు ఎంత ఎత్తులో ఉందో లెక్కకట్టి ఎక్కాల్సిన కొండ

ఆస్ట్రేలియా తూర్పు తీరానికి సుమారు 600 కిలోమీటర్ల దూరాన, టాస్మన్ సముద్రంలో లార్డ్ హౌ ద్వీపం ఉంది. దాదాపు 70 లక్షల ఏళ్ల కిందటి అగ్నిపర్వతం అరిగిపోగా మిగిలిన ముక్క ఇది. పొడవు పది కిలోమీటర్లు, వెడల్పు ఎక్కువలో ఎక్కువ రెండు. 1982లో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. ఒకేసారి 400 మందికి మించి సందర్శకులను ఉండనివ్వరు. దక్షిణపు కొసన 875 మీటర్ల మౌంట్ గోవర్ సముద్రంలోంచి నిటారుగా లేస్తుంది. దాని నెత్తిన, నాచు కప్పుకున్న పొట్టి చెట్లతో చిన్న మబ్బు అడవి ఉంది. ఫొటోలు తీసేవాళ్లు వచ్చేది ఆ అడవి కోసమే, పైకి వెళ్లాక తిట్టుకునేది మబ్బును. ఆ మబ్బే లేకపోతే అక్కడ ఆ అడవీ ఉండదు.

సముద్రపు గాలి కొండకు తగిలి పైకి లేస్తుంది. లేచే గాలి కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీలు చల్లబడుతుంది. డ్యూ పాయింట్, అంటే ఏ ఉష్ణోగ్రత దగ్గర గాలిలోని ఆవిరి నీటి చుక్కలవుతుందో ఆ అంకె, కిలోమీటరుకు 2 డిగ్రీలే తగ్గుతుంది. అందుకని ఈ రెండు అంకెల మధ్య ఉన్న ప్రతి డిగ్రీ తేడాకూ 125 మీటర్లు లెక్క వేసుకుంటే మబ్బు అడుగు ఎక్కడుంటుందో తెలుస్తుంది. పొద్దున్న తీరంలో ఉష్ణోగ్రత 22, డ్యూ పాయింట్ 17 ఉంటే తేడా 5, మబ్బు 625 మీటర్ల దగ్గర మొదలవుతుంది. శిఖరం దానిలో మునిగే ఉంటుంది కాబట్టి ఆ రోజు అడవి ఫొటోలకు. తేడా 8కి చేరితే మబ్బు వెయ్యి మీటర్లకు పోతుంది. అలాంటి రోజున 23 కిలోమీటర్ల అవతల సముద్రంలో బల్లెంలా నిలబడ్డ బాల్స్ పిరమిడ్ అనే రాతి శిఖరం కనిపించే అవకాశం ఎక్కువ. ఇది అంచనా మాత్రమే. అయినా ఏ లెన్స్ మోసుకెళ్లాలో తేల్చుకోవడానికి చాలు.

రానుపోను 14 కిలోమీటర్లు, ఎనిమిది గంటలకు పైనే పడుతుంది. లైసెన్సు ఉన్న గైడు లేకుండా ఎక్కడానికి వీల్లేదు. దారి మొదట్లోనే కొండచరియకు అంటుకున్న సన్నటి అంచు మీదుగా, ఒక పక్క సముద్రం చూస్తూ, బిగించిన తాడు పట్టుకుని నడవాలి. శిఖరానికి కాస్త ముందు మళ్లీ తాళ్లే. రెండు చేతులూ తాడు మీదే ఉండాలి కాబట్టి ఈ రెండుచోట్లా కెమెరా సంచిలోనే ఉండాలి. మెడలో వేలాడే కెమెరా ఊగి రాతికి కొట్టుకుంటుంది, పాదం ఎక్కడ పెడుతున్నారో కనపడనివ్వదు. కిలోకు మించిన ట్రైపాడ్ దండగే. ఉన్న బరువులో నీటికి చోటివ్వడం మేలు.

బయల్దేరే ముందు బూట్లు కడుక్కోవడం ఉత్త తతంగం కాదు. వేళ్లను కుళ్లబెట్టే ఫైటోఫ్తోరా అనే సూక్ష్మజీవి చిటికెడు తడిమట్టిలో ప్రయాణం చేయగలదు. బురద మీదే క్రిమినాశక మందు చల్లితే అది లోపలిదాకా చేరదు. ముందు బ్రష్‌తో మట్టి రాల్చాలి, ఆ తర్వాతే మందు. అందరూ మరిచేది ట్రైపాడ్ కాళ్ల అడుగులు, సంచి అడుగు, వెల్‌క్రో పట్టీల్లో ఇరుక్కున్న గింజలు. మర్టిల్ రస్ట్ అనే ఆకు తెగులు ఈ దీవిలో 2016లో ఒకసారి బయటపడింది, 2023లో మళ్లీ కనిపించింది. రెండోసారి రక్షిత అడవిని సందర్శకులకు కొంతకాలం మూసేశారు. దాని బీజాలు గాలిలోనూ బట్టల మీదా వస్తాయి కాబట్టి ఉతికిన బట్టలతోనే కొండెక్కాలి.

పైన మబ్బులో ఫొటో తీయడం వేరే విద్య. మబ్బులోని చుక్కలు కాంతి తరంగాలకన్నా చాలా పెద్దవి, అన్ని రంగులనూ ఇంచుమించు సమానంగా చెదరగొడతాయి. అందుకే అంతా తెలుపు. దూరం పెరిగేకొద్దీ మధ్యలో చుక్కలూ పెరుగుతాయి కనుక దూరాన్ని దగ్గరగా లాగే టెలిఫొటో లెన్సుకు అక్కడ పని లేదు. తర్వాత కంప్యూటర్‌లో మసక తగ్గించే డీహేజ్ మీట ఎంత లాగినా, చేరని వెలుతురు తిరిగి రాదు, మచ్చలే తేలతాయి. వైడ్ లెన్స్‌తో రెండు మూడు మీటర్ల దూరంలోని మానును పట్టుకుని, వెనకవి ఒక్కొక్కటీ పలచబడేలా చూసుకోవాలి. తెల్లటి మబ్బును చూసి కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు చిత్రాన్ని బూడిద రంగుకు దించేస్తుంది. ఫ్రేములో మబ్బు ఎక్కువుంటే ఎక్స్‌పోజర్‌ను +0.7 నుంచి +1 స్టాపు దాకా పెంచాలి (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు). నల్లటి నాచే ఎక్కువైతే పెంచకూడదు, లేకపోతే కొమ్మల సందుల్లోని ఆకాశం కాలిపోతుంది. తడి ఆకుల మెరుపును పోలరైజర్ అనే ఫిల్టర్ తీసేస్తుంది, అసలు పచ్చదనం బయటికొస్తుంది. బదులుగా ఒకటి రెండు స్టాపుల వెలుతురు తింటుంది. అందుకని కెమెరా సున్నితత్వాన్ని పెంచి ఐఎస్ఓ 1600 పెట్టాల్సి వచ్చినా నష్టం లేదు.

లెన్స్ మసకబారడంలో రెండు రకాలున్నాయి, మందులూ వేరే. చల్లటి గదిలోంచి తేమగాలిలోకి తెస్తే అద్దం మీద ఆవిరి పేరుకుంటుంది. కెమెరాను మూసిన సంచిలోనే ఉంచి అరగంట ఆగితే సరిపోతుంది. మబ్బులో పట్టేది ఇది కాదు. తయారైన చుక్కలే వచ్చి అద్దం మీద వాలుతాయి, వేడి చేసినా ఆగవు. లెన్స్ ముందు తొడిగే హుడ్ తగిలించి, తీయనప్పుడు లెన్స్‌ను నేలవైపు వంచి, ప్రతి ఫొటోకూ ముందు తుడవాలి. తడిసిన గుడ్డ పామడమే తప్ప తుడవదు. విడివిడి కవర్లలో మూడు గుడ్డలు ఉంచుకోవాలి. లెన్స్ మార్చడం ఎలాగూ పైన చేయకూడదు.

శరత్కాలం, చలికాలాల్లో (అక్కడ మార్చి నుంచి ఆగస్టు) వెళ్తే ప్రావిడెన్స్ పెట్రెల్ అనే సముద్రపు పక్షులుంటాయి. ప్రపంచంలో ఉన్నవి దాదాపు అన్నీ ఈ దీవిలోనే గూడు పెడతాయి. గట్టిగా కేక వేస్తే ఆకాశంలోంచి దిగి కాళ్ల దగ్గరే పడతాయి. నేల మీద వేటాడే జంతువులు లేనిచోట పెరిగిన జాతికి మనిషంటే భయం లేదు. ఆస్ట్రేలియాదే మరో దీవి నార్ఫోక్‌లో ఆ ధీమాయే వాటి ప్రాణం తీసింది: 1790లో ఆకలితో ఉన్న వలస మనుషులు కొద్ది నెలల్లో లక్షకు పైగా చంపి తిన్నారు, కొన్నేళ్లకు అక్కడ అవి లేకుండా పోయాయి. కాబట్టి కేకలు గైడుకే వదిలేయాలి, ఫ్లాష్ వాడకూడదు. ఎగిరేటప్పుడు షట్టర్ వేగం 1/1600 సెకను కావాలి, నేల మీద 1/200 చాలు. వాటి గూళ్లు నేలలో తవ్విన బొరియలు. మంచి కోణం కోసం దారి దాటి రెండడుగులు వేస్తే కప్పు కూలి, లోపలున్న గుడ్డో పిల్లో నలిగిపోతుంది.

చిన్న కొండతాటి మొలకలు కనిపిస్తే దగ్గరగా తీయండి. 1918లో మకాంబో అనే ఓడ ఒడ్డుకు తగిలినప్పుడు దిగిన ఎలుకలు వందేళ్లపాటు వాటి గింజలు తినేశాయి, ఐదు రకాల పక్షులనూ అంతం చేశాయి. 2019లో దీవి అంతటా ఎర పెట్టి ఎలుకలను ఏరివేశాకే ఈ మొలకలు లేస్తున్నాయి. ఒకప్పుడు ముప్పై దాకా మాత్రమే మిగిలిన, ఎగరలేని వుడ్‌హెన్ పక్షి కూడా ఇప్పుడు ఎన్నో రెట్లు పెరిగింది. శిఖరం మీద అది మీ సంచిలోని తిండి కోసం దగ్గరికే వస్తుంది. పెట్టకండి, జిప్పు మాత్రం వేసుకోండి.

పెట్రెల్‌లు గుంపులుగా తిరిగొచ్చేది మధ్యాహ్నం దాటాకే, గైడు దిగమనేదీ అప్పుడే. తాళ్ల దారి వెలుతురులోనే దిగాలి, పైగా దిగేటప్పుడే మోకాళ్లు అలిసిపోతాయి. అందుకని అడవి ఫొటోలు శిఖరం చేరగానే ముగించి, పక్షులకు చివరి అరగంట మిగుల్చుకోవాలి.