అమిగాలో వెబ్ బ్రౌజర్: కొన్ని అపోహలు - వాస్తవాలు

పాత అమిగా కంప్యూటర్లను బాగుచేసి, వాటిని నెట్‌కు కలిపి ఇవ్వడం నా వృత్తిలో ఒక భాగం. 1985లో కమొడోర్ సంస్థ విడుదల చేసిన ఈ గృహ కంప్యూటర్‌ను చాలామంది ఆటల యంత్రంగానే ఎరుగుదురు. అందులో వెబ్ బ్రౌజర్ కూడా నడిచిందని చెబితే నమ్మనివారు కొందరు, నమ్మినా దాని ఇబ్బందులను తప్పుగా ఊహించుకునేవారు మరికొందరు.

అపోహ: అమిగా బ్రౌజర్‌ను కమొడోర్ సంస్థే తయారుచేసింది, సంస్థ దివాలా తీయగానే బ్రౌజర్ల కథ ముగిసింది.

వాస్తవం: అమిగాకు వచ్చిన తొలి గ్రాఫికల్ బ్రౌజర్ ఏమొజాయిక్. అమెరికాలోని ఎన్‌సీఎస్‌ఏ అనే పరిశోధన కేంద్రం తయారుచేసిన మొజాయిక్ బ్రౌజర్‌ను వారి అనుమతితోనే అమిగాకు తెచ్చే పని 1993లో మొదలైంది. ఆ పనికి పూనుకున్నది కమొడోర్ ఉద్యోగులు కాదు, స్టోనీ బ్రూక్, బర్క్‌లీ, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయాలలో ఉన్న ముగ్గురు ఔత్సాహికులు. (ముగ్గురి పేరూ మైఖేలే కావడం కాకతాళీయం.) కమొడోర్ 1994 ఏప్రిల్‌లో దివాలా తీసింది. అమిగాకు పేరు తెచ్చిన ఐబ్రౌజ్, ఏవెబ్, వోయేజర్ అనే మూడు బ్రౌజర్లూ ఆ తరువాత వచ్చినవే. తల్లి సంస్థ లేని వేదికకు ఇన్ని బ్రౌజర్లు రావడం ఆ వాడకందారుల పట్టుదలకు నిదర్శనమని నా అభిప్రాయం.

అపోహ: ప్రాసెసర్ నెమ్మది గనుకనే పేజీలు నెమ్మదిగా కనిపించేవి.

వాస్తవం: అక్షరాలు మాత్రమే ఉన్న పేజీని 14 మెగాహెర్ట్జ్‌ల అమిగా 1200 ఏ ఇబ్బందీ లేకుండా చూపిస్తుంది. చిక్కు వచ్చేది బొమ్మలతోనే, అదీ అమిగా స్క్రీన్ మెమరీ అమరిక వల్లనే. ఇతర కంప్యూటర్లలో 256 రంగుల తెరపై ఒక్కో పిక్సెల్‌కు ఒక్కో బైటు సరిపోతుంది. అమిగాలో మాత్రం ఆ పిక్సెల్‌కు చెందిన ఎనిమిది బిట్లు ఎనిమిది వేర్వేరు బిట్‌ప్లేన్లలో, అంటే మెమరీలో ఎనిమిది వేర్వేరు చోట్ల ఉండాలి. ఆటలకు ఎంతో అనుకూలించిన ఈ ఏర్పాటే బ్రౌజర్‌కు భారమైంది. ఎందుకంటే విప్పిన ప్రతి బొమ్మనూ బిట్ల వారీగా విడదీసి, ఏ బిట్‌ను ఆ బిట్‌ప్లేన్‌లోకి చేర్చవలసి వచ్చేది.

రంగుల సమస్య దీనికి తోడు. ఒకే తెరను పంచుకునే ప్రోగ్రాములన్నీ అందులోని పరిమిత రంగులను కూడా పంచుకోవాలి. పేజీలో ముందుగా వచ్చిన బొమ్మ తనకు కావలసిన రంగులను పట్టేసుకుంటే, తరువాతి బొమ్మ మిగిలినవాటిలో దగ్గరి రంగుతో సరిపెట్టుకుంటుంది. పదహారు రంగుల తెరపై పై ఫొటో చక్కగా ఉండి, కింది ఫొటోలో మనిషి ముఖం బూడిద రంగుకు తిరగడానికి కారణం ఇదే. దానిని మానిటర్ దోషమనుకుని నా దగ్గరకు తెచ్చినవారు ఉన్నారు.

అమిగా సిస్టమ్ సాఫ్ట్‌వేర్ అయిన వర్క్‌బెంచ్ 3.0లోని డేటాటైప్స్ (ఒక్కో ఫార్మాట్‌ను చదివి విప్పిపెట్టే చిన్న ప్రోగ్రాములు) వ్యవస్థను కూడా ఇక్కడే చెప్పాలి. బొమ్మ ఏ ఫార్మాట్‌లో ఉన్నదీ బ్రౌజర్‌కు తెలియనక్కరలేదు, దానికి తగిన డేటాటైప్ సిస్టమ్‌లో ఉంటే చాలు. ఆలోచన అందమైనదే కాని, బొమ్మ ఫైలు పూర్తిగా వస్తే తప్ప అది పని మొదలుపెట్టదు. అందుకే తరువాతి బ్రౌజర్లు జిఫ్, జేపెగ్ అనే బొమ్మల ఫార్మాట్లను విప్పే కోడ్‌ను తమలోనే పెట్టుకుని, వచ్చినంత మేర బొమ్మను చూపించసాగాయి.

అపోహ: వేగమైన మోడెమ్ పెడితే అంతా సర్దుకునేది.

వాస్తవం: అమిగా సీరియల్ పోర్టును నడిపే పౌలా చిప్‌లో ఒకే ఒక బైటుకు బఫర్ (వచ్చిన డేటాను కాసేపు నిలిపే చోటు) ఉంటుంది. సెకనుకు 38,400 బిట్ల వేగంలో దాదాపు 260 మైక్రోసెకన్లకు ఒక బైటు వస్తుంది. ఆలోపు ప్రాసెసర్ దానిని తీసుకోకపోతే తరువాతి బైటు దాని మీద పడి, పాకెట్ (ఒక విడతగా వచ్చే డేటా ముక్క) చెడిపోయి, మళ్లీ రావలసి ఉంటుంది. పాత చిప్‌సెట్‌లో హైరెస్ (ఎక్కువ పిక్సెళ్ల) తెరను పదహారు రంగులతో పెడితే, తెర మీద గీతలు గీస్తున్నంతసేపూ చిప్ మెమరీ (ప్రాసెసర్, తెర చిప్‌లు పంచుకునే మెమరీ) తలుపు ప్రాసెసర్‌కు మూసుకుపోతుంది. కనుక తెర రంగులు తగ్గిస్తే డౌన్‌లోడ్ వేగం పెరగడం అమిగాలో వింత కాదు. ఫాస్ట్ ర్యామ్ (ప్రాసెసర్‌కు మాత్రమే చెందిన మెమరీ), ఫైఫో బఫర్ (పలు బైట్లను వరుసగా నిలిపే చోటు) ఉన్న సీరియల్ కార్డు అమర్చిన తరువాతే వేగమైన మోడెమ్‌కు ఖర్చుపెట్టమని నేను చెబుతాను.

అపోహ: ట్యాబులు ఫైర్‌ఫాక్స్‌తో పుట్టాయి.

వాస్తవం: కాదు. ఐబ్రౌజ్ 2లో 1999 నాటికే ఉన్నాయి. ఐబ్రౌజ్ కూడా మొదటిది కాదు.

అపోహ: అమిగాను ఈథర్‌నెట్‌కు కలిపితే ఈనాటి వెబ్ అంతా చూడవచ్చు.

వాస్తవం: ఏమొజాయిక్ తరం బ్రౌజర్లకు టీఎల్‌ఎస్ (నేటి సైట్లు వాడే సంకేత రక్షణ పద్ధతి) తెలియదు గనుక చాలా సైట్ల గుమ్మం దగ్గరే ఆగిపోతాయి. 2019లో వచ్చిన ఐబ్రౌజ్ 2.5ను ఆ రక్షణను అమిగాకు అందించే ఎమీఎస్ఎస్ఎల్‌తో కలిపి వాడితే ఆ గుమ్మం దాటవచ్చు. కాని పేజీ రూపురేఖలను నిర్ణయించే సీఎస్ఎస్ లేనందున లోపల పేజీ రూపం చెదిరిపోతుంది. ఇక తెలుగు పేజీ మాటకొస్తే, ఆ పాత బ్రౌజర్లకు తెలిసినవి పాశ్చాత్య లిపుల ఎనిమిది బిట్ల ఫాంట్లే. నేటి వెబ్ అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతమూ మూడు బైట్లు, వాటిలో మొదటిది అన్నింటికీ ఒకటే. ఆ బైటు వాటికి నెత్తిన గీత ఉన్న ఫ్రెంచి ‘ఆ’గా, రెండవది డిగ్రీ గుర్తుగానో ప్లస్-మైనస్ గుర్తుగానో కనిపిస్తుంది. తెర నిండా ఆ జంటలే వరుసగా కనిపిస్తే ఫైలు చెడిపోయిందని భావించకండి. డేటా సక్రమంగానే చేరింది, దానిని చూపే ఫాంటే లేదు.