గుర్రానికి ఐబ్ ఎక్కడికెళ్లి వచ్చింది: నాందేడ్ వైపు కొట్టాల వెనక కథ

నాందేడ్ జిల్లా లోహా తాలూకాల మాళేగావ్ ఖండోబా జాతర అంటే దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్ దిక్కు మన తెలుగోళ్లందరికీ ఎరుకే, డిసెంబర్ జనవరిల పడ్తది, గుర్రాల బజార్ మస్తు నడుస్తది. అక్కడ బేరం మొదలైతె ముందు అడిగేది "ఐబ్ ఏమన్న ఉందా" అనే, ఐబ్ అంటె లోపం, చెడ్డ అలవాటు. దావణి కట్టెనో తలుపు అంచునో పండ్లతోని పట్టుకొని మెడ వంచి గుర్రుమని గాలి మింగుడు, నిలబడ్డ కాడనే తల అటూ ఇటూ ఊపుకుంట ఉండుడు, కొట్టంల గుండ్రంగ తిరిగిందే తిరుగుడు, ఇవన్నీ ఐబ్ కిందికే వస్తయి. అయితె ఐబ్ గుర్రంది అని మనం అనుకునుడే తప్పు అని నా మాట, దీని వెనక చాన పాత కథ ఉంది.

గుర్రాన్ని సరిగ్గ చూసుకోక పాడుచేసుకునుడు మన దక్షిణాదికి కొత్తేం కాదు. 13వ శతాబ్దం చివర్ల మార్కో పోలో తమిళ తీరం గురించి రాస్తూ, ఏటా బోలెడు పైసలు పెట్టి అరబ్బు దిక్కుకెళ్లి గుర్రాలు తెప్పించుకుంటరు, సాకుడు తెలువక చాన మట్టుకు చచ్చిపోతయి, వాటికి మాంసం కలిపి వండిన బియ్యం పెడ్తరు అన్నడు.

తర్వాత మన దిక్కు నిజాం రాజ్యం, పక్కనే హింగోలిల హైదరాబాద్ కంటింజెంట్ అనే ఫౌజు ఛావణి ఉండె, 1903ల ఆ ఫౌజును ఇండియన్ ఆర్మీల కలిపేసిన్రు. ఫౌజుకు గుర్రం ఎప్పుడంటే అప్పుడు తయారుగ ఉండాలె, అందుకే ముందట అగాడి వెనక పిఛాడి తాళ్లతోని వరసగ కట్టేసి, టైం ప్రకారం దాణా పెట్టేటోళ్లు. ఆ పద్ధతే ఊర్ల కొట్టాలకు కూడా వచ్చి ఉండొచ్చు. ఒక్కటి మాత్రం మంచిగుండె, పక్క గుర్రం కండ్ల ముందటనే ఉంటుండె. ఇప్పుడు షోకుకు మార్వాడీ గుర్రం కొన్నోళ్లు ప్రేమతోనే దానికి ఒక్కదానికే పెద్ద గోడల రూమ్ కడుతున్నరు, ఫ్యాన్ పెడుతున్నరు, ఇంకో గుర్రం మొఖం మాత్రం కనపడదు. మందల బతికే జీవికి అది ఒంటరి జైలే.

పాత పుస్తకాలల్ల ఈ అలవాట్లను చెడ్డ బుద్ధులు అనే రాసిన్రు, అందుకే ఇలాజ్ కూడా శిక్ష లెక్కనే ఉండె, మెడకు బిగుతు పట్టా, దావణికి ఇనుప రేకు, చేదు పూత. 1926ల ఫోర్సెల్ అనే స్వీడన్ పశువుల డాక్టర్ మెడ కండరాలు కోసేసే ఆపరేషన్ కూడా రాసిండు, దాన్ని మార్చి మార్చి తర్వాత చాన ఏండ్లు చేసిన్రు. గుర్రం ఎందుకు చేస్తుందో అడగకుంట, చేయనీయకుంట ఎట్ల ఆపాలె అన్నదే ఆలోచన. చదువుతుంటె కడుపు తరుక్కుపోతది.

లెక్క మారింది 1990లల్ల. బ్రిటన్‌ల రేసు గుర్రాల కొట్టాలల్ల వేల గుర్రాల మీద సర్వే చేస్తె, రోజుకు 6.8 కిలోల కంటె తక్కువ గడ్డి పెట్టే కాడ, గుర్రాలు ఒకదానికొకటి తక్కువ కలిసే కాడ ఈ అలవాట్లు ఎక్కువ అని 1995ల తేలింది. ఎక్స్‌రే పెట్టి చూస్తె గాలి మింగుడు అన్నదాంట్ల చాన గాలి కడుపులకే పోదు, అన్నవాహిక పైభాగంలకు వచ్చి మళ్ల వాపస్ పోతది. పట్టా కట్టి ఆపి తర్వాత ఇప్పేస్తె ముందుకంటె ఎక్కువ చేస్తున్నయని కూడా చూసిన్రు, అంటె ఆ కోరిక లోపలే పేరుకుంటుంది.

గాలి మింగుడుకు ఒక ముఖ్య కారణం కడుపుల ఉండొచ్చని అంటరు. మేతకు ఇడిసిపెట్టిన గుర్రం రోజుకు 16 గంటల దాక మేస్తది, దాని కడుపుల యాసిడ్ ఆగకుంట ఊర్తనే ఉంటది, లాలాజలం మాత్రం నమిలినప్పుడే వస్తది, ఉలవలు శనగలు గబగబ అయిపోగొట్టి మిగిలిన గంటలు ఉత్తగ నిలబడితె యాసిడ్‌ను ఆపేది ఏమీ ఉండదు. 2002ల వచ్చిన ఇంకో స్టడీల 225 పిల్ల గుర్రాలను నాలుగేండ్లు చూస్తె, తల్లి పాలు మాన్పించంగనే దాణా మొదలుపెట్టిన వాటిల్ల కట్టె పట్టుకొని గాలి మింగే అలవాటు నాలుగింతల వేగంగ వచ్చింది. ఐబ్ పుట్టేది అంత చిన్నతనంల.

మన దిక్కు ఇంకో కష్టం కలిసింది. ఒకప్పుడు జొన్న బాగ వేసేటోళ్లు, ఇంటింటికీ చొప్ప ఉండె, ఇప్పుడు సోయాబీన్, పత్తి వచ్చి చొప్ప కొనుక్కోవాల్సి వస్తుంది, దాంతోని సంచి దాణా పెంచి గడ్డి తగ్గిస్తున్నరు. ఇక్కడనే ఆగి ఆలోచించాలె, ఎందుకంటె తగ్గించకూడని గడ్డినే తగ్గిస్తున్నరు. చొప్ప, ఎండుగడ్డి రెండు మూడు రకాలు కలిపి, చిన్న కండ్ల వలల పెట్టి రోజంత ఉండేటట్టు చూసుడు (పచ్చి లేత జొన్న మాత్రం పెట్టొద్దు, విషం ఉంటది), గోడ కొంచెం తగ్గించి పక్క గుర్రం కనపడేటట్టు చేసుడు, బారాత్ సీజన్ లేని నెలలల్ల కూడా రోజు కొంతసేపు ఇడిసి తిప్పుడు, ఇవి డాక్టర్ లేకుంటనే అయ్యే పనులు. తోడు దొరకకపోతె పెద్ద అద్దం పెడితె కూడా ఊగుడు తగ్గిందని 2002ల ఇంకో స్టడీల వచ్చింది. పాతబడ్డ అలవాటు పూర్తిగ పోకపోవచ్చు, అప్పుడు దాన్ని కొట్టకుంట చేసుకోనీయాలె, కడుపునొప్పి లక్షణాలు కనపడితె మాత్రం ఆలస్యం చేయకుంట పశువుల డాక్టర్‌ను పిలవాలె.

ఈసారి జాతరల కొనేటోళ్లు పై ముందు పండ్ల అంచు అరిగిందా చూడున్రి, మెడ కింద కండ లావుగ ఉందా చూడున్రి, పిల్ల గుర్రం అయితె పాలు మాన్పించినంక ఏం పెట్టిన్రు, ఒక్కదాన్నే కట్టేసిన్రా అని అమ్మేటాయనను అడుగున్రి, వీలైతె రెండు కలిపి తెచ్చుకోండ్రి.