నోపి: గుమ్మడి జావలో వేరుశెనగ చేసే పని

జింబాబ్వేలో షోనా ప్రజలు గుమ్మడికాయలు చేతికందే రోజుల్లో నోపి అనే చిక్కటి జావ వండుకుంటారు. అందులో ప్రధానంగా పడేవి మూడే: పండిన గుమ్మడి, మొక్కజొన్న పిండి, దోవి అని పిలిచే వేరుశెనగ ముద్ద. ఈ మూడు పంటలూ అమెరికా ఖండాలలో పుట్టి, సముద్రం దాటి ఆఫ్రికాకు చేరినవే. అయితే పొరుగున ఉన్న బోట్స్వానాలో లెరోత్సే అనే ఒక రకం పుచ్చకాయను జొన్నపిండితో, పులిసిన పాలతో ఉడికించే సంకటి నేటికీ ఉంది. జొన్న, పుచ్చ రెండూ ఆఫ్రికా నేలవే కనుక, కాయను పిండితో కలిపి వండే పద్ధతి గుమ్మడి రాకకంటే పాతదని భావించవచ్చు.

ఇంట్లో వండేటప్పుడు అరకిలో గుమ్మడి ముక్కలకు ఒక గ్లాసు నీళ్లు చాలు, ఎందుకంటే గుమ్మడిలో సుమారు 90 శాతం నీరే ఉంటుంది. ఉడికేకొద్దీ కణాలను అంటిపెట్టి ఉంచే పెక్టిన్ కరిగిపోయి, తెడ్డు తగిలితే చాలు ముక్క మెత్తగా చితికిపోతుంది. కణాలలో చిక్కుకుని ఉన్న, గుమ్మడికి పసుపు రంగునిచ్చే బీటా కెరోటిన్ అనే పదార్థం కూడా అప్పుడే విడివడుతుంది. నాలుగైదు చెంచాల పిండిని ముందుగా చన్నీళ్లలో జారుగా కలిపి పోయాలి. పొడిపిండినే మరిగే గుజ్జులో చల్లితే, ఉండ పైపొర క్షణాల్లో ఉబ్బి జిగురుగా మారి లోపలికి నీటిని పోనివ్వదు, నడుమ పచ్చిపిండి మిగిలిపోతుంది. మొక్కజొన్న గంజి రేణువులు దాదాపు 62 నుంచి 72 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉబ్బుతాయి కాబట్టి జావ త్వరగానే చిక్కబడుతుంది, కానీ బరక పలుకుల లోపలిదాకా వేడి, నీరు చేరడానికి సన్నమంట మీద మరో పది నిమిషాలైనా పడుతుంది. ఆ దశలో బుడగలు పగిలి చేతిమీద చిందుతాయి, మూత ఓరగా పెట్టుకోవడం మంచిది.

చివర కలిపే దోవిని చాలామంది రుచి కోసమే అనుకుంటారు. నిజానికి ఈ వంటకంలోని తెలివంతా అక్కడే ఉందని నా అభిప్రాయం. బీటా కెరోటిన్ నూనెలో కరిగే పదార్థం. దాదాపు సగం బరువు కొవ్వే ఉన్న వేరుశెనగ తోడైతే పేగులు దాన్ని మెరుగ్గా గ్రహిస్తాయి, శరీరం దాన్ని విటమిన్ ఏ గా మార్చుకుంటుంది. ఇక మొక్కజొన్నలోని నయాసిన్ అనే బి3 విటమిన్ చాలా వరకు శరీరానికి అందని రూపంలో ఉంటుంది. మెక్సికో ప్రజలు గింజలను సున్నపు నీటిలో ఉడికించి దాన్ని విడిపిస్తారు. మొక్కజొన్న ఖండాలు దాటినా ఆ పద్ధతి వెంట రాలేదు, మొక్కజొన్నమీదే బతికిన పేదలను నయాసిన్ లోపం వల్ల వచ్చే పెల్లాగ్రా వ్యాధి పీడించింది. ఆ లోటు తీర్చడానికీ దోవి పనికొస్తుంది: 100 గ్రాముల వేరుశెనగలో సుమారు 12 మిల్లీగ్రాముల నయాసిన్ ఉంటుంది, పెద్దవారికి రోజుకు కావలసింది 14 నుంచి 16 మిల్లీగ్రాములు.

దోవిని నేరుగా గిన్నెలో వేయకుండా, గరిటెడు వేడి జావలో కలిపి పలుచన చేసి పోస్తే సమంగా కలుస్తుంది. ముద్ద ఇంట్లోనే నూరుకునేవారు బూజు పట్టిన, ముడుచుకుపోయిన, రంగు మారిన పలుకులను ముందే ఏరి పారవేయాలి, ఎందుకంటే వాటిలో ఉండగల అఫ్లాటాక్సిన్ అనే విషం వేయించినా ఉడికించినా పూర్తిగా నశించదు.